హైమన్‌డార్ఫ్: మార్లవాయికి మళ్ళీ మళ్ళీ వచ్చిన పరిశోధకుడు

ఏటా పుష్య మాసం అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. జాతరలో ఒకరోజు దర్బార్ జరుగుతుంది. కలెక్టర్, ఐటీడీఏ అధికారులు, ప్రజాప్రతినిధులు కూర్చుంటే గూడేల నుంచి వచ్చినవాళ్ళు భూమి గురించి, బడి గురించి, రోడ్డు గురించి అర్జీలు పెట్టుకుంటారు. ఖానాపూర్ నియోజకవర్గంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. 1940లలో ఈ దర్బార్‌ను మొదలుపెట్టించింది ఏ రాజో, ఏ మంత్రో కాదు. పుస్తకం రాయడానికి వచ్చిన ఒక పరిశోధకుడు. ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆదిలాబాద్ ఆదివాసులు ఆయన్ని దేవుడి లెక్క తలుచుకుంటారు. విశ్వవిద్యాలయాల్లో కొందరు ఆయన్ని నిజాం సర్కారు మనిషిగా, వలసపాలన కాలపు తెల్ల దొరగా చూస్తారు. రెండింటికీ ఆధారాలున్నాయి. మనలో చాలామంది ఇప్పుడు పరిశోధక విద్యార్థులు. ఖానాపూర్, ఉట్నూరు, జన్నారం నుంచి వెళ్ళి పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్ళున్నారు. అందుకే ఆయన్ని పూజించడం, తిట్టడం పక్కనపెట్టి ఎలా పనిచేశాడో చూడాలి. పరిశోధనకు అవసరమైన మొదటి పాఠాలన్నీ ఆ జీవితంలో ఉన్నాయి. ఎక్కడ తప్పటడుగు పడుతుందో కూడా ఉంది.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో ఒక ఆస్ట్రియన్ ప్రభువుల కుటుంబంలో పుట్టాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివాడు. 1931లో డాక్టరేట్ వచ్చింది. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సమాజ నిర్మాణం మీద ఆ సిద్ధాంత గ్రంథం. అప్పటికి ఆయన ఆ కొండల్లో కాలు పెట్టలేదు. లైబ్రరీలో దొరికిన పుస్తకాలు, అధికారుల నివేదికలు, మిషనరీల రాతలు చదివి రాశాడు. ఇప్పుడు మనం సాహిత్య సమీక్ష అంటున్న పని అది. ఇంతవరకు ఎవరేం రాశారో తెలియకుండా పొలంలోకి దిగితే పాత తప్పునే కొత్తగా రాస్తాం. అయితే ఆ చదువు దగ్గరే ఆగితే, ఎవరో చూసినదాన్ని మనం చూసినట్టు చెప్పుకున్నట్టవుతుంది. హైమన్‌డార్ఫ్ అక్కడ ఆగలేదు. 1935లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్ళి మలినోవ్‌స్కీ దగ్గర చేరాడు. జనం మధ్య ఏళ్ళ తరబడి ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పనుల్లో కలిసిపోయి రాయాలన్నది మలినోవ్‌స్కీ పట్టుబట్టిన పద్ధతి.

1936లో నాగా కొండలకు వచ్చి కొన్యక్ నాగాల ఊరు వాక్చింగ్‌లో మకాం పెట్టాడు. ఏడాదికి పైగా ఆ కొండల్లో ఉన్నాడు. పుస్తకాల్లో చదివింది వేరు, కళ్ళముందు కనిపించింది వేరని అక్కడ తెలిసొచ్చింది. కానీ అక్కడే ఆయన జీవితంలో మనం దాటవేయకూడని ఘట్టం ఒకటుంది. ఆ ఏడాది చివర బ్రిటిష్ అధికారి మిల్స్ నడిపిన దండయాత్ర వెంట ఆయన పాంగ్‌షా వైపు వెళ్ళాడు. ఆ దండు ఊరిని కాల్చేసింది. ఎవరి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి వచ్చాడో వాళ్ళ ఇళ్ళు తగలబెట్టినవాళ్ళ పక్కన నడిచాడు. 1939లో వచ్చిన ఆయన నాగా పుస్తకం పేరులోనే వాళ్ళ ఒంటి మీద బట్టలేకపోవడాన్ని అమ్మకపు సరుకు చేశారు. పరిశోధకుడు ఎవరి రక్షణలో ఊళ్ళోకి వస్తాడో, ఎవరి బండి దిగుతాడో అనే ప్రశ్న చిన్నది కాదు. పోలీసు జీపులోనో, భూస్వామి మోటారు సైకిల్ మీదనో మాలవాడకు వచ్చి అడిగితే వచ్చే జవాబు, నడిచి వచ్చి అడిగితే వచ్చే జవాబు ఒకటి కావు.

1938లో ఆయన బెట్టీ ఎలిజబెత్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ ఇండియా వచ్చారు. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాడు. దాంతో ఆస్ట్రియన్ల పాస్‌పోర్టులు జర్మన్ పాస్‌పోర్టులయ్యాయి. 1939లో యుద్ధం మొదలుకాగానే హైమన్‌డార్ఫ్ బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశ పౌరుడయ్యాడు. జైల్లో పెట్టలేదు గాని హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్నారు. నాగా కొండలకు తిరిగి వెళ్దామనుకున్న మనిషి ఇక్కడ చిక్కుకుపోయాడు. నిజాం ప్రభుత్వం సాయంతో సంస్థానంలోని ఆదివాసుల మీద పని మొదలుపెట్టాడు. 1940లో అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య, ఆ తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉన్నాడు. ఆ రెండు పుస్తకాలు 1943, 1945లో వచ్చాయి.

అదే 1940లో జోడెన్‌ఘాట్‌లో కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆయనతోపాటు మరికొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గోండులు, కోలాములు సాగుచేసుకుంటున్న పోడును ఫారెస్ట్ వాళ్ళు వదిలిపెట్టమన్నారు. అర్జీలు పెట్టినా ఫలితం లేకపోయింది. చివరికి తుపాకులు పేలాయి. సర్కారు కాగితాల్లో అది తిరుగుబాటు. తర్వాత ప్రభుత్వానికే భయం పట్టుకుంది. ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు.

ఇక్కడ ఆయన చేసింది ఏ పరిశోధక విద్యార్థి అయినా గుర్తుపెట్టుకోవాలి. ప్రశ్న అడిగింది సర్కారు. జీతం ఇచ్చింది సర్కారు. అయినా జవాబు కోసం సర్కారు ఫైళ్ళ దగ్గర ఆగకుండా గూడేలకు వెళ్ళాడు. భీమ్‌తో ఉన్నవాళ్ళ మాట విన్నాడు. అధికారులు మొదట్లోనే వాళ్ళ గోడు పట్టించుకుని ఉంటే ఆ చావులు తప్పేవన్న తీరులో రాశాడు. డబ్బిచ్చినవాళ్ళు వినాలనుకున్నది రాసి ఉంటే ఆయన పేరు ఇవాళ గూడేల్లో ఉండేది కాదు.

మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. 1941లో హైమన్‌డార్ఫ్, బెట్టీ ఆ గోండు గూడెంలోనే గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. ఊరి పటేల్ లచ్చు వాళ్ళకు ఆసరా అయ్యాడు. ఆయన గోండి నేర్చుకున్నాడు. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరి పిల్లను ఎవరికిచ్చారు, ఎవరికి ఎన్ని ఎడ్లున్నాయి, ఎవరు ఏ చెల్క దున్నుతున్నారు అన్నీ రాసుకున్నాడు. దండారీలో గుస్సాడీలు ఆడుతుంటే అక్కడ ఉన్నాడు. పెన్‌లకు మొక్కేటప్పుడు, పెళ్ళిళ్ళలో, చావుల్లో ఉన్నాడు. వేల ఫొటోలు తీశాడు, సినిమా రీళ్ళు తీశాడు, డైరీలు రాశాడు. అవి లండన్‌లో భద్రంగా ఉన్నాయి కాబట్టే, ఆయన పుస్తకంలో రాసింది నిజమో కాదో ఇవాళ ఎవరైనా వెళ్ళి సరిచూసుకోవచ్చు. నోట్సు దాచడం చాదస్తం కాదు. తర్వాత వచ్చేవాళ్ళు మనల్ని తప్పుపట్టడానికి వీలిస్తేనే మన పని పరిశోధన అనిపించుకుంటుంది.

భూమి విషయంలో ఆ రోజూవారీ పరిశీలన ఎంత పనికొచ్చిందో చూడండి. రెవెన్యూ కాగితాల ప్రకారం గోండుల దగ్గర పట్టాలు లేవు. చాలా భూమి శివాయి జమాబంది కిందనో, బీడు కిందనో ఉంది. కాగితం మాత్రమే చూసే పరిశోధకుడు గోండులు భూమిలేనివాళ్ళని రాసి ఊరుకునేవాడు. ఇంకొకడు వీళ్ళు ఒకచోట నిలవని సంచారులని రాసేవాడు. గూడెంలో ఉన్నవాడికి ఇంకొకటి కనిపించింది. గోండులు తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, సారం తగ్గగానే కొన్నేళ్ళు బీడు పెట్టి, మళ్ళీ అదే నేలకు తిరిగి వచ్చేవాళ్ళు. బీడు పెట్టిన నేల వదిలేసిన నేల కాదు. ఆ బీడునే ఖాళీ భూమిగా చూపించి మైదానం నుంచి వచ్చినవాళ్ళు పట్టాలు చేయించుకున్నారు. మిగతాది రిజర్వు ఫారెస్ట్ గీత లోపలికి పోయింది. కాగితం అబద్ధమాడిందని చెప్పాలంటే, నేల మీద ఏం జరుగుతోందో ఋతువు వెంట ఋతువు చూసిన సాక్ష్యం కావాలి. ఆయన దగ్గర అది ఉంది.

ఆ నివేదికలు 1945లో అచ్చయ్యాయి. అప్పటి రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న గ్రిగ్‌సన్ బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు కావడంతో వాటిని పట్టించుకున్నాడు. వేల ఆదివాసీ కుటుంబాలకు పట్టాలొచ్చాయి. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు ఆ పనిలో దిగారు. గిరిజన ప్రాంతాల కోసం 1356 ఫసలీ, అంటే 1946లో ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. తర్వాత 1959 భూబదలాయింపు నిషేధ చట్టం, దానికి 1970లో చేసిన సవరణ ఆ దారిలోనివే. మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. అడిగి రాసుకుని వెళ్ళిపోవడం కాకుండా, చెప్పినవాళ్ళకు ఏదో ఒకటి తిరిగివ్వాలన్న బాధ్యత ఈ పనుల్లో కనిపిస్తుంది.

అయితే ఆ పుస్తకాల వెనుక ఎవరున్నారు? 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణాలు, పూజల మీద ఆయన పెద్ద గ్రంథం వచ్చింది. గోండులు నాలుగు సగాలుగా ఎలా విడిపోయారో, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్ళెవరో చెప్పే కథలు అందులో ఉన్నాయి. ఆ కథలు గోండు పటేళ్ళ నోట వచ్చినవి కావు. ప్రధాన్లు చెప్పినవి. ప్రతి గోండు వంశానికీ ఒక ప్రధాన్ కుటుంబం ఉంటుంది. కిక్రి వాయిస్తూ వంశ చరిత్ర పాడేది వాళ్ళే. వాళ్ళు లేకుండా పూజ నడవదు. అయినా గోండులు వాళ్ళను తమకంటే తక్కువవాళ్ళుగా చూశారు, వాళ్ళతో పెళ్ళి సంబంధం కలుపుకోలేదు. ఈ సంగతి హైమన్‌డార్ఫే రాశాడు. చరిత్రనంతా గుర్తుపెట్టుకున్నవాడు పందిరి బయట ఉంటాడు. డక్కలి, చిందు, బైండ్ల కళాకారుల జీవితం తెలిసిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. కానీ పుస్తకం అట్ట మీద ఉన్నది వియన్నా పండితుడి పేరు, ఆయన భార్య పేరు. కథను తలలో మోసినవాళ్ళ పేరు అక్కడ లేదు. ఆ కాలపు మానవశాస్త్రం అట్లా ఉండేదని సర్దిచెప్పుకోవచ్చు. మన కాలంలో అది చెల్లదు. సమాచారం ఇచ్చినవారి పేరు వాళ్ళు కోరితే రాయాలి, వద్దంటే దాచాలి. ఆ నిర్ణయం పరిశోధకుడిది కాదు, వాళ్ళది.

బెట్టీ సంగతి కూడా అంతే. గూడెంలో ఆడవాళ్ళతో మాట్లాడింది ఆమె, రోగులకు మందులిచ్చింది ఆమె. దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నిటినీ వెతికి వరుసపెట్టి 1958 నుంచి సంపుటాలుగా తెచ్చిందీ ఆమే. కంప్యూటర్ లేని కాలంలో అది ఎంత చాకిరీనో పరిశోధన చేసేవాళ్ళకు తెలుసు. ఎవరూ చప్పట్లు కొట్టని ఆ పని లేకుంటే ఎందరో పరిశోధకులకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

సంస్థానం కలిసిపోయాక హైమన్‌డార్ఫ్ లండన్‌లోని సోయాస్‌లో చేరి 1951లో ప్రొఫెసర్ అయ్యాడు. నేపాల్‌లో షెర్పాల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1976లో రిటైరయ్యాడు. చాలామంది ఆ వయసులో పాత కీర్తిని తలుచుకుంటూ కూర్చుంటారు. ఆయన మాత్రం మళ్ళీ ఆదిలాబాద్ వచ్చాడు. 1940లలో లెక్క రాసుకున్న గూడేలకే వెళ్ళి, ఆ కుటుంబాలు ఇప్పుడెలా ఉన్నాయో అడిగాడు. ఆ పని నుంచి 1979లో గోండుల మీద, 1982లో భారతదేశ ఆదివాసుల మనుగడ పోరాటం మీద పుస్తకాలు వచ్చాయి.

చూసింది సంతోషపెట్టే సంగతి కాదు. తాను దగ్గరుండి ఇప్పించిన పట్టాల భూములు చేతులు మారాయి. రోడ్డు వచ్చింది, దాని వెంట వ్యాపారి, అప్పు వచ్చాయి. చట్టం పుస్తకంలో ఉంది, భూమి పరాయివాడి దున్నకంలో ఉంది. నలభై ఏళ్ళ కింద తాను పెట్టుకున్న ఆశ నిలవలేదని ఆయన దాచలేదు. తన పాత లెక్క పక్కన కొత్త లెక్క పెట్టి నష్టం చూపించాడు. ఒక పరిశోధకుడు తన జీవితకాలంలో చేయగలిగిన అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మనం కోరుకున్న ఫలితం రాకపోతే ఆ సంగతే రాయాలి. ఆ పుస్తకాల మధ్య కాలంలోనే, 1981 ఏప్రిల్ 20న, భూమి కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద ఇంద్రవెల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు పదమూడు మంది అన్నది. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. రాసుకోని పేర్లు ఎట్లా మాయమవుతాయో ఖానాపూర్ ప్రాంతానికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1976 చట్ట సవరణతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. హైమన్‌డార్ఫ్ దాన్ని తప్పుపట్టాడు, గోండులకు నష్టమన్నాడు. ఇవాళ ఆదివాసీ, లంబాడా గొడవల్లో ఆ పేజీలు ఆయుధాలయ్యాయి. గోండుల భూమి పోయిందన్న ఆయన సాక్ష్యం బలమైనది. ఎందుకంటే అది ఇంటింటికీ తిరిగి తెచ్చింది. కానీ గోండు గూడేల్లో గడిపినట్టు ఆయన తండాల్లో ఏళ్ళు గడపలేదు. తండాలోని పేదరికం, వలస వెనుక ఆకలి ఆయన పుస్తకంలో అంత దగ్గరగా కనిపించవు. ఒక పుస్తకాన్ని చదివేటప్పుడు అందులో ఏముందో చూడటంతోపాటు, రాసినవాడు ఎక్కడ నిలబడి చూశాడో కూడా అడగాలి. మనకు నచ్చిన పుస్తకాన్నయినా అట్లాగే అడగాలి.

ఈ విషయంలో మనకు ఇంకా పాత గురువు ఒకరున్నారు. హైమన్‌డార్ఫ్ ఆరేడేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1916 మే నెలలో, న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో పాతికేళ్ళ అంబేద్కర్ కులం మీద పత్రం చదివాడు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ ఇచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటే పరీక్షించి, ఎక్కడ సరిపోవో చెప్పి, స్వకుల వివాహమే కులానికి మూలమని వాదించాడు. తన సిద్ధాంతం నిలవదని ఎవరైనా రుజువు చేస్తే వదులుకోవడానికి సిద్ధమేనని కూడా చెప్పాడు. తాను అనుభవించిన అంటరానితనం గురించి మాట్లాడటానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అయినా అనుభవం ఒక్కటే చాలనుకోలేదు. ముందు చదివాడు, తూచాడు, తర్వాత వాదించాడు. బయటివాడైన హైమన్‌డార్ఫ్ లోపలికి రావడానికి ఏళ్ళు పట్టింది. లోపలివాళ్ళమైన మనకు ఆ దూరం లేదు. కానీ మనకు తెలిసిందే కదా అన్న ధీమా ఉంది. మన వాడ గురించి మనం రాసేటప్పుడు కూడా అడగాలి, రాసుకోవాలి, సరిచూసుకోవాలి. మన వాడలోనే మనకంటే కింద ఉంచిన ఇంటికీ, మాట్లాడనివ్వని ఆడవాళ్ళ దగ్గరికీ వెళ్ళాలి.

బెట్టీ 1987 జనవరి 11న చనిపోయింది. మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో కన్నుమూశాడు. తర్వాత ఆయన చితాభస్మాన్ని కూడా మార్లవాయికి తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గూడెం జనం ఆ సమాధుల దగ్గర చేరతారు.

ఖానాపూర్ నుంచి ఉట్నూరు మీదుగా జైనూరు దారిలో వెళ్తే ఆ ఊరు వస్తుంది. సినాప్సిస్ రాస్తున్నవాళ్ళు ఒకసారి వెళ్ళి రండి. దండం పెట్టడం మీ ఇష్టం. అక్కడి నుంచి మీరు పనిచేస్తున్న ఊరికి వెళ్ళి కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఎవరి మాట ఏ తేదీన రాసుకున్నారో మీ నోట్‌బుక్‌లో ఉందా? పహాణీలో ఉన్న పేరు, పొలంలో ఉన్న మనిషి ఒక్కరేనా? మీరు అనుకున్నదానికి ఎదురొచ్చిన జవాబులను ఉంచారా, కొట్టేశారా? రాసిన అధ్యాయం చెప్పినవాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపించారా? థీసిస్ అయిపోయాక దాని ప్రతి ఒకటి ఆ ఊరి బడిలో ఉంటుందా? ఐదేళ్ళ తర్వాత ఆ ఊరికి మళ్ళీ వెళ్తే వాళ్ళు మిమ్మల్ని కూర్చోమంటారా?